వంటింటి ప్రణాళిక – చరిత్ర: ఆదర్శ వంటిల్లు ఎవరి కోసం?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:
• వంటింటిని ఒక 'ప్రణాళిక'గా ఆలోచించడం ఎప్పుడు, ఎందుకు మొదలయింది
• 1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది నిర్మాణం, నిల్వ ఏర్పాట్లు, వాటిపై వచ్చిన విమర్శలు
• తెలుగువారి వంటిల్లు కూర్చొని చేసే వంట నుంచి నిలబడి చేసే వంటకు మారిన క్రమం
• వంటింటి సదుపాయానికి, స్త్రీల శ్రమకు మధ్య ఉన్న సంబంధం

1. విషయ పరిచయం

చరిత్ర అనగానే మనకు కోటలు, యుద్ధాలు, శాసనాలు, ఒప్పందాలు గుర్తుకు వస్తాయి. వంటిల్లు గుర్తుకు రాదు. రోజూ కంటి ముందు ఉండేదానికి చరిత్ర ఏముంటుందని అనుకుంటాం. కాని ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒకసారి మీ ఇంటి వంటగదిలోకి వెళ్లి చూడండి. పొయ్యి ఏ ఎత్తులో ఉంది? బియ్యం ఎక్కడ ఉన్నాయి? పోపులపెట్టె చేతికి అందుతుందా, లేక ప్రతిసారీ వంగి తీయాలా? వంట చేసేవారికి కిటికీ ఉందా, గోడ ఉందా? ఇద్దరు ఒకేసారి నిలబడి పనిచేయగలరా?

ఈ ప్రశ్నలకు మీరు చెప్పే ప్రతి జవాబు వెనక ఎవరో ఎప్పుడో తీసుకున్న నిర్ణయం ఉంది. కొన్ని మీ ఇంటి మేస్త్రీ తీసుకున్నవి. కొన్ని వందేళ్ల కిందట జర్మనీలోనో, అమెరికాలోనో తీసుకున్నవి. ఆ నిర్ణయాలు ఎవరు చేశారు, ఎవరిని దృష్టిలో పెట్టుకొని చేశారు, వాటి వల్ల వంట చేసేవారి శ్రమ నిజంగా తగ్గిందా అన్నదే ఈ పాఠంలో మనం పరిశీలించబోయే సమస్య.

వంటింటిని పరిశీలించేటప్పుడు చరిత్ర విద్యార్థికి ఉపయోగపడే సూత్రం ఒకటుంది. నిల్వ ఏర్పాట్లను చూస్తే ఆ కుటుంబం సరుకులు ఎన్నాళ్లకొకసారి తెచ్చుకుంటుందో తెలుస్తుంది. గాదె, గరిసె ఉన్న ఇల్లు పంటకు పంటకు మధ్య కాలాన్ని లెక్కపెట్టుకొని బతికే ఇల్లు. వరసగా చిన్న డబ్బాలు ఉన్న ఇల్లు నెల జీతం మీద, వీధి చివరి కిరాణా దుకాణం మీద ఆధారపడిన ఇల్లు. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి. పాఠం పొడుగునా ఇది మనకు పనికివస్తుంది.

2. కేథరిన్ బీచర్: ఓడలో వంటగది నుంచి ఇంటి వంటగదికి

వంటగదిని పనికి అనుగుణంగా కొలిచి, గీసి, పుస్తకంలో ప్రచురించిన తొలివారిలో అమెరికాకు చెందిన కేథరిన్ బీచర్ ముఖ్యురాలు. ఆమె 1841లో గృహనిర్వహణపై ఒక గ్రంథం రాసింది. 1869లో తన చెల్లెలు హారియట్ బీచర్ స్టోవ్‌తో కలిసి 'ది అమెరికన్ ఉమన్స్ హోమ్' అనే పుస్తకం ప్రచురించింది. బానిసత్వానికి వ్యతిరేకంగా 'అంకుల్ టామ్స్ కేబిన్' నవల రాసిన స్టోవ్ ఈమే.

బీచర్ తన నమూనాకు ఆవిరి ఓడలోని వంటగదిని ఉదాహరణగా తీసుకుంది. ఓడలో చోటు తక్కువ, భోజనం చేసేవారు ఎక్కువ. అందుకే అక్కడ ప్రతి వస్తువుకూ ఒక స్థానం ఉంటుంది, రెండడుగుల్లో అన్నీ అందుతాయి. అదే పద్ధతిని ఆమె ఇంటికి వర్తింపజేసింది. పిండి పీపాకు సరిపోయే అర, దానిమీద మూత, పక్కనే పిండి కలిపే బల్ల, కింద ఇతర పిండ్లకు సొరుగులు, బల్ల పక్కన తొట్టి, తొట్టి దగ్గర బావినీటికి ఒకటి, వాననీటికి ఒకటి చొప్పున రెండు చేతిపంపులు ఏర్పాటు చేసింది. పొయ్యి వేడి, వాసన పనిచేసే చోటికి రాకుండా అద్దాల తలుపులతో పొయ్యి గదిని విడదీసింది.

మన సూత్రాన్ని ఇక్కడ ప్రయోగించి చూడండి. బీచర్ వంటగదిలో పిండి ఉండేది పీపాలో. అంటే చాలా రోజులకు సరిపడా పిండిని ఒకేసారి తెచ్చుకొనే కుటుంబం ఆమె మనసులో ఉంది.

ఈ ప్రణాళిక ఉద్దేశమేమిటి? పనిమనుషులు లేని ఇంట్లో గృహిణి తన పని తానే గౌరవంగా చేసుకోవాలని బీచర్ కోరింది. ఇంటిపనిని ఒక వృత్తిగా, నేర్చుకోదగిన విద్యగా ఆమె భావించింది. అయితే ఆమె స్త్రీల ఓటుహక్కును సమర్థించలేదు. స్త్రీ స్థానం ఇల్లేనని, ఆ స్థానాన్ని ఉన్నతం చేయాలని ఆమె వాదం. వంటింటిని మెరుగుపరిచే ప్రయత్నంలోనే స్త్రీని వంటింటికి మరింత గట్టిగా ముడివేసే ఆలోచన కూడా ఉండవచ్చునని ఈ తొలి ఉదాహరణే సూచిస్తుంది.

3. కర్మాగారం నుంచి వంటింటికి: క్రిస్టీన్ ఫ్రెడరిక్

1911లో ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ 'శాస్త్రీయ యాజమాన్య సూత్రాలు' అన్న గ్రంథం ప్రచురించాడు. కార్మికుడు చేసే ప్రతి కదలికనూ గడియారంతో కొలిచి, అనవసరమైనవి తీసివేస్తే ఉత్పత్తి పెరుగుతుందని అతని సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఇంటికి తీసుకొచ్చినవారు క్రిస్టీన్ ఫ్రెడరిక్. 1912లో ఒక ప్రసిద్ధ అమెరికన్ మహిళా పత్రికలో ఆమె వ్యాసాలు వెలువడ్డాయి. 1913లో అవి 'ది న్యూ హౌస్‌కీపింగ్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. న్యూయార్క్ సమీపంలోని తన ఇంటినే ఆమె ప్రయోగశాలగా మార్చుకుంది.

ఫ్రెడరిక్ వంటింటి పనిని రెండు వరసలుగా విభజించింది. మొదటిది వండి వడ్డించే వరస: సరుకు తీయడం, సిద్ధం చేయడం, వండటం, వడ్డించడం. రెండవది సర్దే వరస: ఎంగిలి పాత్రలు తీయడం, కడగడం, ఆరబెట్టడం, తిరిగి పెట్టడం. ఈ రెండు వరసలకూ అనుగుణంగా అలమర, బల్ల, పొయ్యి, తొట్టి ఒకదాని పక్కన ఒకటి ఉంటే వెనక్కూ ముందుకూ తిరగాల్సిన పని ఉండదు. సరిగా అమర్చని వంటగదిలో అడుగుల గీతలు ఒకదానినొకటి ఎలా దాటుకుంటాయో, సరిగా అమర్చినదానిలో ఎలా క్రమంగా సాగుతాయో ఆమె బొమ్మలు గీసి చూపింది. వస్తువును వాడే చోటనే నిల్వచేయాలన్నది ఈ ఆలోచన నుంచి వచ్చిన ముఖ్య సూత్రం.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కర్మాగారంలో కదలికలు తగ్గించి ఉత్పత్తి పెంచితే యజమానికి లాభం, కొన్నిచోట్ల కార్మికుడికి ఎక్కువ కూలి. ఇంట్లో కదలికలు తగ్గితే మిగిలేది సమయం. ఆ సమయం ఎవరిదవుతుంది? విశ్రాంతికా, మరో పనికా? ఫ్రెడరిక్ పుస్తకాల్లో ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేదు. 1929లో ఆమె రాసిన 'సెల్లింగ్ మిసెస్ కన్స్యూమర్' గ్రంథం గృహిణికి సరుకులు ఎలా అమ్మాలో వ్యాపారులకు చెప్పే పుస్తకం. శ్రమ తగ్గించే ఆలోచన, వస్తువులు అమ్మే ఆలోచనతో ఎంత త్వరగా కలిసిపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని పాఠం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చి చూసుకోండి.
ఫ్రెడరిక్ విభజించిన రెండు పని వరసలు ఏవి?

4. ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది

4.1 నేపథ్యం

మొదటి ప్రపంచయుద్ధం తరవాత జర్మనీ నగరాల్లో ఇళ్ల కొరత తీవ్రంగా ఉండేది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ 1925లో ఎర్నెస్ట్ మే అనే వాస్తుశిల్పికి గృహనిర్మాణ బాధ్యత అప్పగించింది. తక్కువ ఖర్చుతో, ఎక్కువ ఇళ్లు, త్వరగా కట్టాలి. వియన్నాలో పనిచేస్తున్న మార్గరెటె లిహోట్స్కీని మే 1926లో పిలిపించాడు. ఆమె 1897లో వియన్నాలో జన్మించింది. ఆస్ట్రియాలో వాస్తుశిల్ప విద్య అభ్యసించిన తొలి మహిళల్లో ఒకరు. పెళ్లి తరవాత షుట్టె-లిహోట్స్కీగా ప్రసిద్ధురాలయింది.

అప్పటివరకు కార్మిక కుటుంబాల్లో వంట, భోజనం, పిల్లల చదువు, ఒక్కోసారి నిద్ర కూడా ఒకే గదిలో జరిగేవి. చలిదేశం కనుక పొయ్యి ఉన్న గదే వెచ్చని గది. దానిని విడదీసి, వంటకు మాత్రమే ఒక చిన్న గది ఇవ్వాలన్నది కొత్త ఆలోచన. లిహోట్స్కీ ఫ్రెడరిక్ రచనలు చదివింది. రైలులోని భోజన పెట్టెలో కొద్ది స్థలంలోనే వంట ఎలా సాగుతుందో పరిశీలించింది. గడియారం పెట్టి పనులకు పట్టే సమయాన్ని లెక్కించింది.

4.2 నిర్మాణం, నిల్వ ఏర్పాట్లు

ఈ వంటగది వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు సుమారు 3.4 మీటర్లు. అంటే ఆరున్నర చదరపు మీటర్లలోపే. ఆ చోటులో ఆమె చేసిన ఏర్పాట్లు ఇవి:

• కిటికీ కింద పనిబల్ల. దాని దగ్గర ఎత్తు మార్చుకోగల తిరిగే పీట. కూరగాయలు తరగడం కూర్చొని, వెలుతురులో చేసుకోవచ్చు.
• బల్లలోనే తొక్కలు నెట్టివేయడానికి ఒక సొరుగు. చెత్త ఎత్తడానికి వంగనవసరం లేదు.
• అల్యూమినియం సొరుగులు వరసలుగా. ప్రతి సొరుగుపై బియ్యం, పంచదార వంటి పేరు చెక్కి ఉంటుంది. ముందు పిడి, కొసన మూతి ఉండటం వల్ల సొరుగునే బయటికి తీసి గిన్నెలోకి ఒంపవచ్చు.
• పిండికి ఓక్ చెక్క సొరుగు. ఓక్‌లోని గుణం పురుగును దూరంగా ఉంచుతుందని ఆ ఎంపిక.
• కడిగిన పళ్లేలు నిలబెట్టి ఆరబెట్టే చట్రం. తుడిచే పని తగ్గుతుంది.
• గోడకు మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల. పైకప్పున పట్టాపై అటూ ఇటూ జరిపే దీపం.
• సగం ఉడికిన వంటను వేడి పోకుండా ఉంచి పూర్తిచేసే పెట్టె. ఇంధనం ఆదా అవుతుంది.
• అలమరలకు నీలి-ఆకుపచ్చ రంగు. ఈ రంగుపై ఈగలు వాలవని అప్పట్లో నమ్మకం.

భోజనపు గదికి జరిపే తలుపు పెట్టారు. పొయ్యి నుంచి భోజనపు బల్లకు దూరం మూడు మీటర్లు దాటకుండా చూశారు. ఈ వంటగదులను విడిగా తయారుచేసి ఇళ్లలో అమర్చారు. నగరపాలక సంస్థ వేల సంఖ్యలో ఒకేసారి తయారు చేయించడం వల్ల ధర తగ్గింది. ఆ ఖర్చు ఇంటి అద్దెలో కలిసింది. సుమారు 10,000 వంటగదులు ఇలా వచ్చాయి.

నిల్వ సూత్రాన్ని మళ్లీ గుర్తుచేసుకోండి. బీచర్ పిండి పీపా ఇక్కడ చిన్న సొరుగు అయింది. దుకాణం దగ్గరగా ఉన్న నగరంలో, వారానికో పది రోజులకో సరిపడా సరుకు తెచ్చుకొనే చిన్న కుటుంబం కోసం ఈ వంటగది తయారయింది. పెద్ద కుటుంబం, ఊరి నుంచి వచ్చే ధాన్యం, ఏడాది నిల్వలు ఈ లెక్కలో లేవు.

4.3 నివాసుల అనుభవం

ప్రణాళిక వేసినవారి ఉద్దేశం ఒకటి, వాడినవారి అనుభవం మరొకటి. వంటగది ఒక్కరికే సరిపోయేది. తల్లి పనిచేస్తుంటే కూతురో, భర్తో పక్కన నిలబడి సాయం చేయడానికి చోటు లేదు. తలుపు వేస్తే పక్క గదిలోని పిల్లలు కనబడరు. వంటగదిలోకి వచ్చిన పిల్లలకు పేర్లు రాసిన సొరుగులు చక్కగా అందేవి. కొందరు గృహిణులు రాసిన పేరు ఒకటి, లోపల పెట్టిన వస్తువు మరొకటిగా వాడుకున్నారు. రోమర్‌స్టాట్ అనే కాలనీలో వంట పూర్తిగా కరెంటు మీదే జరగాలి. ఆ బిల్లులు భారమని నివాసులు ఫిర్యాదు చేశారు. కొన్ని కుటుంబాలు పాత అలవాటు వదలక ఆ ఇరుకు గదిలోనే భోజనపు బల్ల ఇరికించుకున్నాయి.

ఈ ఫిర్యాదులను 'అలవాటు లేని జనం' అని కొట్టిపారేయవచ్చు. కాని చరిత్రకారులు వాటిని సాక్ష్యంగా తీసుకుంటారు. ఒక్కరికే సరిపోయే వంటగది, వంట ఒక్కరి పనే అన్న భావనను గోడల్లో కట్టిపెట్టింది. లిహోట్స్కీ ఉద్దేశం అది కాదు. స్త్రీకి సమయం మిగలాలి, ఆమె బయట ఉద్యోగం చేయగలగాలి అన్నది ఆమె ఆశయం. 1930లో ఆమె మే బృందంతో సోవియట్ యూనియన్‌కు వెళ్లి అక్కడ పిల్లల సంరక్షణ భవనాలు రూపొందించింది. తరవాత నాజీ వ్యతిరేక ఉద్యమంలో చేరి 1941లో అరెస్టయి, 1945లో విడుదలయ్యేవరకు జైలులో గడిపింది. 2000 జనవరిలో, 103వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు మరణించింది. ఇంత జీవితమున్నా అందరూ తనను వంటగది గురించే అడుగుతారని వృద్ధాప్యంలో ఆమె విసుక్కొనేది. ఆమె వంటగదుల్లో కొన్ని ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి.

5. ఎత్తు, త్రికోణం

అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ ఈ పరిశోధనను మరో దిశకు తీసుకెళ్లింది. భర్తతో కలిసి కర్మాగారాల్లో కదలికల అధ్యయనం చేసిన ఇంజనీరు ఆమె. పన్నెండుమంది పిల్లల తల్లి. 1924లో భర్త మరణించాక చాలా కంపెనీలు ఒక మహిళతో ఒప్పందానికి ముందుకు రాలేదు. దాంతో ఆమె తన పరిజ్ఞానాన్ని గృహోపకరణాల వైపు మళ్లించింది. 1929లో బ్రూక్లిన్‌లోని ఒక గ్యాస్ కంపెనీ కోసం ఆమె రూపొందించిన నమూనా వంటగది ప్రదర్శితమయింది. బల్ల ఎత్తు అందరికీ ఒకటే కాకూడదు, పనిచేసే మనిషి ఎత్తునుబట్టి ఉండాలని ఆమె చెప్పింది.

1940లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని చిన్న ఇళ్ల అధ్యయన మండలి 'పని త్రికోణం' సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది. తొట్టి, పొయ్యి, ఫ్రిజ్ మూడింటినీ కలుపుతూ గీతలు గీస్తే త్రికోణం ఏర్పడుతుంది. ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగుల మధ్య ఉండాలి. మూడు భుజాల మొత్తం 26 అడుగులు దాటకూడదు. నేటికీ మాడ్యులర్ కిచెన్ అమ్మేవారు మీకు చెప్పేది ఈ త్రికోణం గురించే.

6. వంటగది లేని ఇల్లు: మరొక సమాధానం

ఇంతవరకు చూసినవారందరూ 'వంటగది ఎలా ఉండాలి?' అని అడిగారు. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే అమెరికన్ రచయిత్రి 'ప్రతి ఇంటికీ వంటగది ఎందుకు ఉండాలి?' అని అడిగింది. 1898లో ప్రచురించిన 'విమెన్ అండ్ ఎకనామిక్స్' గ్రంథంలో ఆమె, వంటగదులు లేని ఇళ్ల సముదాయాన్ని ప్రతిపాదించింది. వంట జీతం తీసుకొనే నిపుణుల పని కావాలి. భోజనం ఉమ్మడి వంటశాల నుంచి రావాలి. ప్రతి ఇంట్లో ఒక స్త్రీ రోజంతా వంటకే అంకితం కావడం వృథా అని ఆమె వాదించింది.

ఈ ఆలోచన విస్తృతంగా అమలు కాలేదు. ఉమ్మడి భోజనం ఖర్చు, రుచుల తేడా, కుటుంబ ఏకాంతంపై మక్కువ ఇందుకు కారణాలు. వాటితోపాటు మరో కారణం ఉంది. ప్రతి ఇంటికీ ఒక వంటగది ఉంటేనే ప్రతి ఇంటికీ ఒక పొయ్యి, ఒక ఫ్రిజ్, ఒక అలమర అమ్మవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
గిల్మన్ వాదం లిహోట్స్కీ ప్రణాళిక కంటే ఏ విధంగా భిన్నమైనది?

7. తెలుగువారి వంటిల్లు: పొగ, పొయ్యి, గట్టు

7.1 పాత వంటింటి నిల్వ పద్ధతి

ప్రణాళిక అనే మాట లేకపోయినా మన పాత వంటిళ్లలో ఆలోచన లేదనుకోవడం పొరపాటు. పాలు, పెరుగు, వెన్న పిల్లికి, చీమకు అందకుండా ఉట్టి మీద. ఏడాది ఆవకాయ జాడీల్లో, జాడీ మూతికి గుడ్డ కట్టి. చింతపండు కుండల్లో, అరుదుగా తీసే పాత్రలు అటక మీద, రోజూ తీసే మెంతులు, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి పోపులపెట్టెలో. వస్తువును వాడే చోటనే, వాడే తరచుదనాన్నిబట్టి నిల్వచేయాలన్న ఫ్రెడరిక్ సూత్రానికి పోపులపెట్టె కంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ వంటింట్లో పని కూర్చొని సాగేది. కత్తిపీట, సన్నికల్లు, రుబ్బురోలు, తిరగలి, నేలపొయ్యి అన్నీ నేల మట్టానికే. అయితే ఈ చిత్రాన్ని అందరికీ వర్తింపజేయకూడదు. కలిగిన ఇళ్లలో వంటిల్లు ఇంటి వెనక భాగాన విడిగా ఉండేది. మడి పాటించే ఇళ్లలో అందులోకి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో కులాన్నిబట్టి నియమాలుండేవి. కూలి కుటుంబాల్లో వంటిల్లనే గది ఉండేదే కాదు. గుడిసెలో ఒక మూలనో, వాకిట్లోనో పొయ్యి ఉండేది. ఏడాది నిల్వ చేసుకొనే స్తోమత లేనివారికి ఏ రోజు కూలి గింజలు ఆ రోజువే. నిల్వ పద్ధతి ఆర్థిక స్థితికి అద్దం పడుతుందని మన సూత్రం ఇక్కడా చెబుతోంది.

7.2 హైదరాబాద్‌లో పొగలేని పొయ్యి

ఐరోపాలో వంటింటి సమస్య అడుగుల లెక్క అయితే, మన దగ్గర తొలి సమస్య పొగ. కట్టెలు, పిడకల పొగ స్త్రీల కళ్లకు, ఊపిరితిత్తులకు చేసే హాని అందరికీ కనిపించేదే. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాశాలల డైరెక్టరు ఎస్.పి. రాజు ఈ సమస్యపై పనిచేసి, మట్టితోనే కట్టుకోగల పొగలేని పొయ్యిని రూపొందించారు. ఒకే మంట వేడి రెండు మూడు పాత్రలకు అందుతుంది. పొగ గొట్టం ద్వారా ఇంటి పైకి పోతుంది. ఆ పరిశోధనాశాలల ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలతో దీన్ని 'హెర్ల్' పొయ్యి అన్నారు. 1953లో వెలువడిన ఆయన పుస్తకం పేరు 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్'. కోట్లాది సామాన్యులకు పొగలేని వంటిల్లు అన్నది ఆ పేరులోని ఆశయం.

1980లలో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది. 2002లో అది ముగిసేలోగా దేశవ్యాప్తంగా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంపిణీ అయినట్లు లెక్కలు చూపాయి. కాని వాటిలో చాలా పొయ్యిలు ఎక్కువ కాలం వాడుకలో నిలవలేదు. గొట్టంలో మసి పేరుకుంటే తీసేవారు లేరు. పొయ్యి కన్నం కొలత ఒకటి, ఇంట్లో ఉన్న పాత్ర కొలత ఒకటి. పెద్ద కట్టెలు లోపలికి పోవు, చిన్నవిగా చీల్చాలి. ఆ చీల్చే పని మళ్లీ స్త్రీదే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మనం చూసిన అంతరం ఇక్కడా కనిపిస్తుంది: వండేవారిని అడగకుండా గీసిన ప్రణాళిక, వండేచోట తడబడుతుంది.

7.3 గ్యాస్, గట్టు, నిలబడి వంట

గ్యాస్ పొయ్యి రాకతో మన వంటింటి రూపమే మారింది. సిలిండరు నిటారుగా నేలపై ఉండాలి. పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి. ఇది భద్రతా నియమం. కాబట్టి పొయ్యికి గట్టు కావాలి. గట్టు వచ్చాక వంట చేసేవారు లేచి నిలబడ్డారు. కత్తిపీట స్థానంలో చాకు, రుబ్బురోలు స్థానంలో మిక్సీ, గ్రైండరు గట్టెక్కాయి. గట్టు కింద అరలు, పైన గూళ్లు ఏర్పడ్డాయి. ఉట్టి పని ఫ్రిజ్‌కు పోయింది.

అందరి ఇళ్లకూ ఈ మార్పు ఒకేసారి రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో 'దీపం' పథకం కింద పేద కుటుంబాల్లోని స్వయంసహాయక సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ చెల్లించింది. 2016లో కేంద్రప్రభుత్వం ఉజ్వల పథకాన్ని ప్రారంభించింది. కనెక్షన్ వచ్చినా సిలిండరు నింపించుకొనే ఖర్చు భరించలేక, చాలా కుటుంబాలు గ్యాస్‌తోపాటు కట్టెల పొయ్యినీ కొనసాగించాయి. రోమర్‌స్టాట్ నివాసుల కరెంటు బిల్లు ఫిర్యాదుతో దీన్ని పోల్చి చూడండి. సదుపాయం అమర్చడం ఒక ఖర్చు, దాన్ని రోజూ వాడటం మరో ఖర్చు.

8. శ్రమ తగ్గిందా?

అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రచురించిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' గ్రంథంలో ఈ ప్రశ్నను లోతుగా చర్చించింది. ఇనుప పొయ్యి రావడంతో కట్టెలు సగం చాలాయి. అయితే కట్టెలు కొట్టేది మగవారు కాబట్టి ఆదా అయింది వారి శ్రమ. వంట మాత్రం అలాగే ఉంది, పైగా కొత్త పొయ్యి మీద ఒకేసారి రెండు మూడు వంటకాలు చేయగలిగేసరికి వంటకాల సంఖ్య పెరిగింది. యంత్రాలు వచ్చినకొద్దీ పిల్లలు, పురుషులు, పనివారు చేసే పనులు తగ్గి, మిగిలినదంతా ఒక్క స్త్రీ మీద పడిందని ఆమె తేల్చింది.

మన దేశానికి సంబంధించి 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే చూడండి. ఆరేళ్లు దాటిన స్త్రీలలో జీతం లేని ఇంటిపని చేసినవారు నూటికి సుమారు 81 మంది, పురుషుల్లో సుమారు 26 మంది. ఆ పనిలో పాల్గొన్నవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఇది వంట ఒక్కటే కాదు, ఇంటిపనులన్నీ కలిపిన లెక్క. అయినా గట్టు, గ్యాస్, మిక్సీ వచ్చాక కూడా పని పంపకం పెద్దగా మారలేదని ఈ అంకెలు చెబుతున్నాయి. తెలుగులో స్త్రీవాద రచయిత్రులు వంటింటిని ఒక ప్రశ్నగా నిలబెట్టడానికి కారణం ఇదే. విమల రాసిన 'వంటిల్లు' కవిత ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ.

అంటే ప్రణాళిక వృథా అని కాదు. పొగలేని గది, అందే ఎత్తులో అర, మోచేతికి కొద్దిగా దిగువన ఉన్న గట్టు వెన్నునొప్పిని, కళ్లమంటను తప్పిస్తాయి. అది చిన్న మేలు కాదు. కాని అడుగులు తగ్గించడం వేరు, పని పంచుకోవడం వేరు. మొదటిది వాస్తుశిల్పి చేయగలడు. రెండవది కుటుంబం చేయాలి. ఇద్దరు నిలబడటానికి చోటున్న వంటగది రెండవదానికి దారి ఇస్తుంది. చోటు లేని వంటగది ఆ దారి మూసివేస్తుంది. కుటుంబ వంటిల్లు ఆదర్శంగా ఉందో లేదో తేల్చడానికి త్రికోణం కొలతతోపాటు ఈ కొలత కూడా వాడాలి.

9. సారాంశం

వంటింటి ప్రణాళిక 19వ శతాబ్దంలో బీచర్‌తో రూపు దిద్దుకొని, ఫ్రెడరిక్ ద్వారా శాస్త్రీయ యాజమాన్యంతో ముడిపడి, 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేల ఇళ్లకు చేరింది. గిల్‌బ్రెత్ మనిషి కొలతలను, ఇల్లినాయ్ పరిశోధకులు పని త్రికోణాన్ని అందించారు. గిల్మన్ విడి వంటగది అవసరాన్నే ప్రశ్నించింది. తెలుగు ప్రాంతంలో పొగ సమస్య నుంచి ఈ ఆలోచన మొదలై, గ్యాస్ రాకతో నిలబడి చేసే వంటగా మారింది. నిల్వ ఏర్పాట్లు కుటుంబ ఆర్థిక స్థితికి సాక్ష్యాలు. సదుపాయాలు పెరిగినా పని పంపకం అదే నిష్పత్తిలో మారలేదు.

10. మీరు చేయవలసిన పని

మీ ఇంటి వంటగది పటం గీయండి. ఒక పూట వంట జరిగేటప్పుడు, వండేవారి అనుమతితో, వారి అడుగులను ఆ పటంపై గీతలుగా గుర్తించండి. ఏ వస్తువు కోసం ఎక్కువసార్లు వంగారో, ఎక్కువసార్లు నడిచారో రాయండి. తరవాత మీ ఇంట్లోని పెద్దవారిని, వీలైతే అమ్మమ్మనో నాయనమ్మనో, వారి చిన్నతనంలో ఏడాదికి సరిపడా ఏమేమి నిల్వచేసేవారో, ఎక్కడ పెట్టేవారో అడగండి. చివరగా ఆ పూట మీరు ఎన్ని నిమిషాలు పనిచేశారో కూడా అదే కాగితంపై రాయండి.

11. మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. వండి వడ్డించే వరస, సర్దే వరస.
2. లిహోట్స్కీ ప్రతి ఇంటిలోని వంటగదిని తక్కువ శ్రమతో పనిచేసేలా మార్చింది. గిల్మన్ ఇంటి నుంచి వంటగదినే తొలగించి, వంటను జీతం గల వృత్తిగా మార్చాలని కోరింది.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది నేపథ్యాన్ని, నిర్మాణాన్ని వివరించి, నివాసుల అనుభవం ఆధారంగా దాన్ని అంచనా వేయండి.
2. 'వంటింటి సదుపాయాలు పెరిగినా స్త్రీల శ్రమ ఆ మేరకు తగ్గలేదు.' చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కేథరిన్ బీచర్ వంటగది నమూనా
2. పొగలేని పొయ్యి: ఆశయం, ఆచరణ
3. గ్యాస్ పొయ్యి రాకతో తెలుగువారి వంటింట్లో వచ్చిన మార్పులు